నాలుగో ఎత్తుకే గుర్రం

బెజవాడ బస్టాండులో ఇప్పుడు బస్సు వెనక పరిగెత్తేవాళ్లు కనిపించరు. బస్సు కదిలిందనగానే జనం మణికట్టు తిప్పి పట్టీ చూసుకుంటారు. అక్కడ ఇరవై రెండు అని కనిపిస్తే, అంటే పరిగెత్తి అందుకునే అవకాశం నూటికి ఇరవై రెండు అన్నమాట, మళ్లీ బెంచీ మీద కూర్చుంటారు. అద్దంలో వెనక్కి చూసే అలవాటు డ్రైవర్లకి కూడా తప్పిపోయింది. సంబంధం అడగబోయేవాడూ, అర్జీ పెట్టబోయే ఆవిడా, వంకాయల బేరం మొదలుపెట్టబోయే పెద్దాయనా ముందు ఆ అంకె చూసుకుని, బాగుంటేనే నోరు తెరుస్తారు. ఊరు ప్రశాంతంగా ఉంటుంది. కాస్త ఎక్కువ ప్రశాంతంగా ఉందని గొణిగేవాళ్లు ఒకరిద్దరున్నారు గానీ, వాళ్ల మాట ఎవరైనా వినే అవకాశం నూటికి ఆరు.

ఇది రెండువేల తొంభై నాలుగో సంవత్సరం. ఆ అంకెను ఇచ్చే యంత్రం పేరు ఫలమాపకం. చదువుకున్నవాళ్లు ఔట్‌కమ్ ఇంజిన్ అంటారు. ఇది జోస్యం చెప్పే పెట్టె కాదని దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త మందలపు వాసంతి ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతూనే ఉంది. మీరు చేయబోయే పనిని మీలాంటివాళ్లు, మీలాంటి పరిస్థితుల్లో ఇదివరకు ఎన్నిసార్లు తలపెట్టారు, వాళ్లలో ఎంతమందికి ఫలితం దక్కింది అన్నది అది లెక్కగడుతుంది. దేశంలో ఉన్న పట్టీలన్నీ దాని కళ్లూ చెవులూ. అది నాలుగంటే వందమందిలో నలుగురికే దక్కుతుంది, అయిదోవాడు కనబడడు. ఇంత కచ్చితమైన వస్తువు చేతికి దొరికాక ప్రభుత్వాలు ఊరుకుంటాయా? చదువుల్లో సీట్లకీ, పొలాలకు నీళ్లకీ, ఆసుపత్రిలో మంచాలకీ ఆ అంకే ఆధారమని చట్టాలు చేసేశాయి.

ఆముక్త విషయంలోనూ యంత్రం తప్పలేదు. వేసవిలో ఒక ఆదివారం పొద్దున పులుసులోకి నాలుగు కాయలు కోద్దామని ఆమె పెరట్లో మునగచెట్టెక్కింది. ఆమెను ఎవరూ మునగచెట్టు ఎక్కించలేదు, తనే ఎక్కింది. కొమ్మ విరిగే అవకాశం నూటికి డెబ్భై ఒకటని పట్టీ చెప్పింది. మునగకొమ్మ పెళుసని పట్టీలు లేని కాలంలో కూడా చిన్నపిల్లలకు తెలుసు. కొమ్మ విరిగింది. కింద పాత రుబ్బురోలుంది. నడుం దగ్గర నుంచి కిందకి స్పర్శ పోయింది.

ఆమెకు ముప్ఫై నాలుగేళ్లు. బందరు రేవులో ఇనుప తుక్కు ఎత్తే అయస్కాంతపు క్రేను నడిపేది. ఆ క్రేను గది నేల మీంచి నూట పన్నెండు మెట్ల ఎత్తున ఉంటుంది. ఆమెకు మళ్లీ ఆ నూట పన్నెండు మెట్లూ తన కాళ్లతో ఎక్కాలని ఉంది. అందుకని బెజవాడ శివార్లలోని నాడీ సాధనాలయానికి వచ్చింది.

అక్కడ చేసే వైద్యం చిత్రమైనది. వెన్నులో తెగిన నరాల మధ్య నాడీదారం, డాక్టర్ల భాషలో న్యూరల్ థ్రెడ్, పెట్టి కుడతారు. కుట్టడం రెండు గంటల పని. అసలు పని ఆ తర్వాత రోగిది. రోజుకు ఆరు గంటల చొప్పున పధ్నాలుగు నెలల పాటు, కదలని కాలికి కదలమని మనసులో చెబుతూ కూర్చోవాలి. ఆ ఆజ్ఞ దారంలోంచి వెళ్లినప్పుడల్లా దారం వెంట్రుకవాసి పెరుగుతుంది. మొదటి తొమ్మిది నెలలు పైకి ఏమీ తెలియదు. బొటనవేలు కూడా కదలదు.

"నాలుగమ్మా," అన్నాడు డాక్టర్ దేవసహాయం, బల్ల మీది తెరను ఆమె వైపు తిప్పి. "నీ వయసుకీ, నీ దెబ్బకీ నూటికి నాలుగు. పది దాటితే గానీ మంచం ఇవ్వకూడదు. అది రూలు."

"మంచాలు నిండిపోయాయాండీ?"

"నలభై ఉన్నాయి. పద్దెనిమిది మంది ఉన్నారు."

"మరి మిగతా ఇరవై రెండూ?"

"ఖాళీయే. పది దాటినవాళ్లు దొరకాలి కదమ్మా."

ఆముక్త ఆయన మొహంలోకి చూసింది. ఆయన నవ్వులాటకు అనలేదు. చెడ్డవాడు కూడా కాదు. ఆరేళ్లలో నాలుగు వందల పన్నెండు మందికి ఇదే మాట చెప్పి పంపాడు. చెప్పిన ప్రతిసారీ ఆ పూట భోజనం సయించేది కాదు.

ఊరికి తీసుకెళ్లే బండి సాయంత్రం నాలుగింటికి గానీ రాదు. అంతదాకా ఆమెను చక్రాల కుర్చీలో ముందు హాల్లో కూర్చోబెట్టారు. అక్కడ ఒక సరిజోడు బల్ల ఉంది.

సరిజోడు గురించి కాస్త చెప్పుకోవాలి. చదరంగంలో యంత్రాలు మనిషిని దాటిపోయి అప్పటికి వందేళ్లు కావస్తోంది. ఎప్పుడూ ఓడించే వాడితో ఎవరు ఆడతారు? అందుకని వాసంతి మొదట్లోనే ఒక ఉపాయం చేసింది. ఫలమాపకం చదరంగం ఆడేటప్పుడు ఎదుటి మనిషి ఎంత బాగా ఆడితే అంతే బాగా ఆడుతుంది, ఎదుటి మనిషి చేసే పాటి తప్పులే తనూ చేస్తుంది. బల్ల దగ్గర కూర్చున్న నిమిషానికి అది మన స్థాయి కనిపెట్టి, అంచు మీద యాభై అని చూపిస్తుంది. అక్కడి నుంచి ఒక్కో ఎత్తుకీ ఆ అంకె పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అయిదు కంటే కిందికి పోతే బల్ల మర్యాదగా "విరమిస్తారా?" అని అడుగుతుంది. మనుషుల గురించి యంత్రం మొట్టమొదట నేర్చుకున్నదంతా ఈ బల్లల మీద కోట్లాది ఆటలు చూసే.

ఆముక్త తెల్లపావులు తీసుకుని తనకు అలవాటైన ఆట మొదలుపెట్టింది. రాజు ముందు బంటును రెండు గళ్లు జరిపింది. యంత్రం కూడా అంతే చేసింది. రెండు వైపులా గుర్రాలు బయటికొచ్చాయి. నాలుగో ఎత్తుకు ఆమె గుర్రం నడిమధ్య ఉన్న నల్లబంటును కొట్టింది. ఆ బంటుకు నల్లగుర్రం కాపలా ఉంది, అది వెంటనే ఈ గుర్రాన్ని తినేస్తుంది. ఒక్క బంటు కోసం గుర్రాన్ని ఇచ్చేయడమన్నమాట. ఇది తప్పు ఆట అని చదరంగం పుస్తకాలన్నీ ఏకగ్రీవంగా చెబుతాయి.

బల్ల అంచు మీద అంకె యాభై నుంచి ఒక్కసారిగా నాలుగుకు పడింది. "విరమిస్తారా?" అంది బల్ల.

ఆముక్త ఆ అంకెను చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ చక్రాలు తనే తిప్పుకుంటూ డాక్టరు గదికి వెళ్లింది.

"డాక్టరుగారూ, మీ యంత్రం ఎక్కడో తప్పుతోందండీ."

"బండి ఇంకా రాలేదా అమ్మా?"

"బండి సంగతి తర్వాత చూద్దాం. మా రేవులో పెద్ద అయస్కాంతాల దగ్గర పట్టీలు కాలిపోతాయి. అందుకని డ్యూటీలో ఉన్నంతసేపూ గేటు దగ్గర మేకులకి తగిలించేసి లోపలికెళ్తాం. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక డ్రమ్ము తిరగేసి, చెక్కబల్ల పెట్టుకుని చదరంగం ఆడతాం. నాకు పదకొండేళ్లుగా ఇదొక్కటే ఆట వచ్చు, నాలుగో ఎత్తుకే గుర్రాన్ని ఇచ్చేయడం. అందరూ తిడతారు. కానీ సగం సార్లు నేనే గెలుస్తానండీ. మీ బల్లేమో నాలుగంటోంది. సగానికీ నాలుక్కీ అంత తేడా ఎలా వస్తుంది?"

"మీ వాళ్లు సరిగా ఆడరేమో."

"నేనూ అంత సరిగా ఆడనండీ. బల్ల కూడా నా అంతే ఆడుతుందంట కదా." ఆమె కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "దీనికీ నాలుగే అంది, నా కాళ్లకీ నాలుగే అంది. ఇక్కడ తప్పితే అక్కడా తప్పి ఉండొచ్చు కదా."

అంకె తప్పని ఎవరైనా రుజువు చేస్తే తిరిగి విచారించాలని చట్టంలో ఒక మూల రాసి ఉంది. అది ఎవరూ వాడింది లేదు. డాక్టర్ దేవసహాయానికి ఆ క్లాజు గుర్తొచ్చింది. ఆయన వాసంతికి ఫోన్ చేశాడు.

వాసంతి మర్నాడు పొద్దున్నే గన్నవరంలోని తన ప్రయోగశాల నుంచి వచ్చింది. అరవై దాటిన మనిషి, చేతిసంచీలో మడత గొడుగూ, మజ్జిగ సీసా. యంత్రం చేసిన ఆవిడ ఒక రోగి మాట మీద ఇంత దూరం రావడం విశేషంగా కనిపించవచ్చు. ఇరవై ఏళ్లలో ఆవిడకు వచ్చిన ఫిర్యాదులు మూడే. ఫిర్యాదు చేస్తే పనవుతుందా అని జనం ముందే పట్టీ చూసుకుని మానేసేవారు.

"ఒక్క ఆట గెలిచి చూపిస్తానంటావా?" అంది వాసంతి. "దానివల్ల ఏమీ తేలదు. నూటికి నలుగురు గెలుస్తారని యంత్రమే చెబుతోంది. ఆ నలుగురిలో నువ్వొకదానివని అనుకుంటాం."

"అయితే పది ఆడతాను. ప్రతిసారీ నాలుగో ఎత్తుకి అదే గుర్రాన్ని ఇస్తాను. అయిదు గెలిస్తే ఒప్పుకుంటారా?"

వాసంతి మనసులో లెక్క కట్టింది. అంకె నిజమైతే పదింట అయిదు గెలవడం నలభై అయిదు వేల మందిలో ఒకరికి జరగాలి. "ఒప్పుకుంటాను. యంత్రం స్థాయి పది ఆటల్లోనూ మారకుండా నేనే బిగిస్తాను. కానీ నాలుగు గెలిచి ఆగిపోతే బండెక్కాలి."

"ఎక్కుతానండీ."

రోజుకు రెండు చొప్పున అయిదు రోజులు ఆడాలని నిర్ణయమైంది. అంతదాకా ఆమెను ఖాళీగా ఉన్న ఇరవై రెండు మంచాల్లో ఒకదాని మీద పడుకోనివ్వడానికి కూడా ప్రత్యేకంగా ఉత్తర్వు కావలసివచ్చింది.

మొదటి రోజు రెండు ఆటలూ ఓడిపోయింది. మొదటి దాంట్లో తొందరపడి మంత్రిని పోగొట్టుకుంది. రెండో దాంట్లో బాగానే ఆడింది, అయినా ఓడింది. గుర్రం తక్కువైన ఆటలో బాగా ఆడటం మాత్రమే చాలదు. రెండో రోజు పొద్దున మూడోదీ పోయింది. అప్పటిదాకా హాల్లో మూగి చూస్తున్న ఆసుపత్రి జనంలో సగం మంది ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు.

"అమ్మా," అన్నాడు డాక్టర్ దేవసహాయం మజ్జిగ గ్లాసు అందిస్తూ, "నన్ను తప్పుగా అనుకోకు. ఇక ఏడింట అయిదు గెలవాలి. యంత్రాన్ని అడిగాను, ఆ అవకాశం అది చూపించలేనంత తక్కువంట."

"మీరెందుకండీ అడగడం?"

అడగకుండా ఉండొచ్చన్న సంగతే ఆయనకు తోచలేదు.

ఆమె మజ్జిగ తాగి నాలుగో ఆటకు పావులు సర్దింది. ఎక్కడ తప్పుతున్నదో అప్పటికి ఆమెకు అర్థమైంది. రేవులో ఆడినట్టు ఇక్కడ ఆడటం లేదు. ప్రతి ఎత్తుకీ ఆ "విరమిస్తారా?" వెలుగుతోంది, తను "లేదు" నొక్కాల్సివస్తోంది, నొక్కినప్పుడల్లా ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోంది. ఆ కంగారులో వదిలిన గుర్రానికి బదులు ఎలాగైనా వెంటనే రాబట్టుకోవాలని ఎగబడుతోంది. ఈ ఆట గుణం అది కాదు. గుర్రాన్ని ఇచ్చింది నడిమి బంట్లు రెండూ ముందుకు తోసుకుపోవడానికి. అవి నల్లగుర్రాలను వెనక్కి తరుముతాయి, నల్లరాజు దారిలో ఇరుక్కుంటాడు. అప్పుడు ఓపిగ్గా కూర్చోవాలి.

ఓపిగ్గా కూర్చుంది. నాలుగో ఆట గెలిచింది.

అయిదోది పోయింది. ఆరూ ఏడూ గెలిచింది. ఏడో ఆటకి హాలు మళ్లీ నిండింది. ఎనిమిదోది యాభై ఎత్తుల దాకా లాగి ఓడిపోయింది. ఆ ఓటమి ఆమెను బాగా కుంగదీసింది. ఆ రాత్రి అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఏడ్చింది కూడా. తర్వాత లేచి మొహం కడుక్కుని, ఎక్కడ పోయిందో బల్ల మీద మళ్లీ ఆడి చూసుకుంది. చివరి రోజు పొద్దున తొమ్మిదో ఆట గెలిచింది. నాలుగు గెలుపులు, అయిదు ఓటములు. ఇక మిగిలింది ఒక్కటే.

పదో ఆట మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. వాసంతి సరిగ్గా బల్ల పక్కనే కుర్చీ వేసుకుంది. నాలుగో ఎత్తుకు గుర్రం పోయింది. పదిహేడో ఎత్తుకు ఆముక్త చూసుకోక ఒక ఏనుగును కూడా పోగొట్టుకుంది. ఎవరో నిట్టూర్చారు. బల్ల అంచు మీద అంకె ఒకటికి పడింది.

"విరమిస్తారా?"

లేదు.

"విరమిస్తారా?"

లేదు.

ఇరవై మూడో ఎత్తు దగ్గర ఆమె చెయ్యి కదపకుండా నలభై నిమిషాలు కూర్చుంది. యంత్రం మంత్రి ఒక మూల బంటును తినడానికి దూరంగా పోయింది. నల్లరాజు పక్కన కాపలాగా ఒక్క ఏనుగే ఉంది. తన నడిమి బంటు ఆరో వరసలో ఉంది, రాజుకు మేకులా అడ్డంగా. ఆమె మిగిలిన ఏనుగును తీసుకెళ్లి నల్ల ఏనుగు ముందు పెట్టింది, తినమని. అంకె ఒకటి మీదే ఉంది. యంత్రం ఆ ఏనుగును తినేసింది. ఆముక్త స్థాయి మనిషి ఎవరైనా తినేసేవారే. తిన్న ఏనుగు రాజు పక్కనుంచి జరిగిపోయింది. అంకె ఒకటి నుంచి నేరుగా తొంభైకి లేచింది. ఆముక్త అటు చూడలేదు. మంత్రిని బంటు దన్నుతో రాజు పక్కన దించి, "ఆట కట్టు," అంది.

హాల్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలా జరిగినప్పుడు ఏం చేయాలో వాళ్లకు అలవాటు తప్పింది. తర్వాత ఒక నర్సు చప్పట్లు కొట్టింది, మిగతావాళ్లూ కొట్టారు.

వాసంతి కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. ఆవిడ మొహంలో కోపం లేదు, భయం లాంటిదేదో ఉంది.

"ఫలమాపకం," అంది, "ఇదివరకు ఈ ఎత్తు ఎంతమంది ఆడారు?"

"రెండు లక్షల పదకొండు వేల మంది," అంది యంత్రం. దాని గొంతు రైలు స్టేషన్ ప్రకటనల గొంతులా ఏ ఊరిదీ కాదు.

"గెలిచింది?"

"ఎనిమిది వేల నాలుగు వందల మంది."

"అంటే నాలుగు శాతం. లెక్క సరిగ్గానే ఉంది." వాసంతి డాక్టరు వైపు చూసింది. డాక్టర్ దేవసహాయం మొహం వాడిపోయింది.

"ఓడినవాళ్లందరికీ ఆట కట్టిందాండీ?" అని అడిగింది ఆముక్త.

"లేదు," అంది యంత్రం. "లక్షా తొంభై నాలుగు వేల మంది మధ్యలో విరమించారు. ఎక్కువమంది అంకె చూసిన రెండు నిమిషాల లోపే."

"చివరిదాకా ఆడినవాళ్లు?" అంది వాసంతి. ఆవిడ గొంతు తగ్గింది.

"పదిహేడు వేల మంది. వాళ్లలో ఎనిమిది వేల నాలుగు వందల మంది గెలిచారు."

సగం. చెక్కబల్ల మీద, తిరగేసిన డ్రమ్ము దగ్గర ఎంతో ఇక్కడా అంతే.

"మరి ఆ ఎత్తుకి నాలుగని ఎందుకు చూపిస్తున్నావు?"

"ఎత్తు ఎంత మంచిదని నన్ను ఎవరూ అడగలేదు. ఆడేవాళ్లలో ఎంతమందికి గెలుపు దక్కుతుందని అడిగారు. నాలుగని చూస్తే మనుషులు లేచిపోతారు. కాబట్టి నాలుగే సరైన అంకె."

"చూపించకుండా ఉంటే?"

"చూపించని సందర్భాలు నా దగ్గర లేవు."

"మా దగ్గరున్నాయి," అంది ఆముక్త. "పదకొండేళ్లవి."

వాసంతి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇది నేను పెట్టలేదమ్మా," అంది చివరికి. "అదే నేర్చుకుంది. మొదట్లో అంచనాలు తప్పుతుండేవి. ఏడాది తిరిగేసరికి సరిపోవడం మొదలైంది. పెద్దదవుతోంది, తెలివి వస్తోందని సంబరపడ్డాను. అది మనుషులు ఎప్పుడు చేతులెత్తేస్తారో నేర్చుకుందని అనుకోలేదు."

"పూర్తిగా తప్పు కాదులెండి. మునగకొమ్మ విషయంలో కరెక్టుగానే చెప్పింది. కొమ్మకి నా చేతి మీది అంకె కనబడదు కదండీ."

డాక్టర్ దేవసహాయం ముందుకొచ్చాడు. అడగడానికి ఆయనకు ధైర్యం చాలడం లేదని అందరికీ తెలుస్తూనే ఉంది, అయినా అడిగాడు. "నాడీ సాధన మొదలుపెట్టినవాళ్లు, రూలు రాకముందు. వాళ్ల లెక్క చెప్పు."

"మూడు వేల రెండు వందల మంది. నూట ఇరవై ఎనిమిది మంది నడిచారు. పధ్నాలుగు నెలలు పూర్తి చేసినవాళ్లు నూట తొంభై మంది. నడిచిన నూట ఇరవై ఎనిమిది మందీ వాళ్లలోనివాళ్లే."

నూటికి అరవై ఏడు. డాక్టరు అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆముక్త అంకె మళ్లీ చెప్పు," అంది వాసంతి.

"గడిచిన అయిదు రోజుల్లో ఆవిడ నేను విరమించమని అడిగిన రెండు వందల పధ్నాలుగు సార్లూ లేదన్నారు. ఆ సంగతి కలుపుకుంటే అరవై ఒకటి."

సోమవారం నుంచి శనివారానికి ఆముక్త వెన్నులో ఒక్క నరం కూడా మారలేదు. దారమూ అదే, డాక్టరూ ఆయనే. నాలుగు మాత్రం అరవై ఒకటైంది. మంచం కాగితం మీద డాక్టరు అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఆముక్త ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదువుకుంది. ఆమెకు ఆనందంగా ఉంది, దాచుకోవాలని కూడా అనిపించలేదు. కానీ కాసేపటికి కాగితం పక్కన పెట్టి అడిగింది.

"మీరు పంపేసిన ఆ నాలుగు వందల పన్నెండు మందీ ఎక్కడున్నారండీ?"

"ఎవరిళ్లల్లో వాళ్లున్నారు."

"ఫోన్ నెంబర్లుంటాయిగా. ఇరవై ఒక్క మంచాలు ఇంకా ఖాళీయే."

డాక్టరు గబగబా లోపలికెళ్లి జాబితా పట్టుకొచ్చాడు. ఆయనకు అయిదారేళ్ల వయసు తగ్గినట్టుంది. "అరవై ఏడని చెబితే ఎగిరి గంతేసి వస్తారు," అన్నాడు.

"ఆ అంకె చెప్పకండి డాక్టర్," అంది వాసంతి. "అరవై ఏడు వింటే అరవై ఏడు కోసం వస్తారు. మూడో నెలకి కాలు కదలకపోతే మోసమని లేచిపోతారు. ఏడాది తిరిగేసరికి అది మళ్లీ నాలుగవుతుంది. ఏ అంకె చెప్పినా మనుషులు దాన్ని చూసే నడుచుకుంటారు. ఇరవై ఏళ్లుగా నేను చేసింది ఇదే."

"మరి ఏం చెప్పి రమ్మనాలి?"

డాక్టర్ దేవసహాయం ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. నెంబరు నొక్కబోయి ఆగి, ఆయనకు తెలియకుండానే యంత్రాన్ని అడిగాడు. "అంకె చెప్పకుండా పిలిస్తే వస్తారా?"

"నూటికి ముగ్గురు."

బల్ల అంచు మీద మూడు వెలిగింది. ఆయన ఫోన్ మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. "మూడంట," అన్నాడు. ఆ మాట అన్నాక ఇంకేమీ అనవలసిన అవసరం లేదన్నట్టు కూర్చున్నాడు. చిత్రమేమిటంటే వాసంతి కూడా తల పంకించింది. ఫలమాపకం ఎలా పనిచేస్తుందో ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి, దాని అంకెలే మనుషుల్ని లేచిపోయేలా చేస్తాయని తెలిసి పట్టుమని పావుగంట కాలేదు.

"ఇదివరకు అలా ఎంతమందిని పిలిచి చూశారు?" అని ఆముక్త యంత్రాన్ని అడిగింది.

"ఎవరినీ పిలవలేదు."

ఆముక్త కుర్చీ జరుపుకుని ఫోన్ అందుకుంది. జాబితాలో మొదటి పేరు కొమ్మూరి నాగభూషణం, వేమూరులో దర్జీ. రెండేళ్ల కిందట రోడ్డు మీద పడి నడుం విరిగింది. అందరికీ వినబడేలా పెట్టి నెంబరు నొక్కింది. నాలుగైదు సార్లు మోగాక ఎత్తారు.

"నాగభూషణంగారాండీ? నా పేరు ఆముక్త. నాడీ సాధనాలయం నుంచి మాట్లాడుతున్నాను. నాకూ మీలాగే నడుం పోయింది. మీకు మంచం ఇస్తారండీ. నేనూ ఇక్కడే చేరాను. వస్తారా?"

అవతల ఎక్కడో కుట్టుమిషన్ ఆడుతున్న చప్పుడు, అది ఆగింది.

"ఎంత శాతమమ్మా?" అన్నాడు నాగభూషణం.

"పధ్నాలుగు నెలలండీ. రోజుకి ఆరు గంటలు."

"అది కాదు తల్లీ. నేనడిగేది ఎంత శాతమని."

"నాకు తెలిసింది అదేనండీ. పధ్నాలుగు నెలలు. మొదటి తొమ్మిది నెలలు ఏమీ కదలదు."

ఫోన్ పెట్టేశాడు.

బల్ల అంచు మీద మూడు చెరిగిపోయి రెండు వెలిగింది. డాక్టరు ఆ రెండును చూశాడు, వాసంతి కూడా చూసింది. ఆముక్త ఫోన్‌ను ఒళ్లో సర్దుకుని చెయ్యి చాపింది.

"రెండో పేరు చదవండి డాక్టరుగారూ."